మిషన్ కింద సర్వపిండి

దసరా నాడు మా ప్రెస్సులో ఆయుధపూజ చేశాం. అచ్చు మిషన్‌కు పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టాం. మిషన్‌మన్ గుమ్మడికాయతో దిష్టి తీసి వాకిట్లో పగలగొట్టి వచ్చాడు. గోడ అవతల నుంచి ఇంటి యజమానురాలు కేకేసి చెప్పింది: "మెల్లగ తిప్పుండ్రి నాయనా!"

"మెల్లగనే తిప్పుత పెద్దమ్మా!" అని మిషన్‌మన్ జవాబిచ్చి, మోటారు పిడి కొంచెం జరిపాడు. పెద్ద చక్రం కదిలింది, తిరిగింది. ముందు గోడ అవతల ఒక ఇత్తడి బిందె సన్నగా మోగింది. తర్వాత దాని పక్కది. చూస్తుండగానే వరస మొత్తం గుళ్లో హారతి వేళ గంటల్లాగా అందుకుంది. గూట్లోంచి ఒక తాంబాళం కింద పడి, గిర్రున తిరిగి తిరిగి ఆగిన చప్పుడు మాకు స్పష్టంగా వినబడింది.

"ఆపుండ్రి! ఓ, ఆపుండ్రి! కోడలు పిల్ల మంచం ఊగుతాంది!"

మిషన్‌మన్ ఆపేశాడు. మిషన్ కింది కొత్త పలకను తయారుచేసి ఇచ్చి, ఇప్పుడు మా మధ్య నుదుట బొట్టుతో నిలబడ్డ లెక్చరర్‌ ముఖం పాలిపోయింది.

"అలా జరగడానికి వీల్లేదండీ," అన్నాడు.

పత్రికలో పనిచేసిన ఇన్నేళ్లలో ఆ మాట నేను చాలామంది నోట విన్నాను. సాధారణంగా జరిగిపోయిన తర్వాతే అంటారు.

ఇప్పుడు పత్రికల్లోకి వస్తున్న చిన్నవాళ్లకు ఆ రోజులు కొంచెం చెప్పాలి. డెబ్బయ్యవ దశకం చివరి మాట. మాది వరంగల్ బజారులో ఒక చిన్న సాయంత్రం పత్రిక. అక్షరాలు ఒక్కొక్కటి చేత్తో ఏరి పేర్చేవాళ్లం. ముందు గదిలో మేము వార్తలు రాసేవాళ్లం, మధ్య గదిలో కంపోజింగు, వెనక గదిలో మిషన్. మధ్యాహ్నం తిప్పడం మొదలుపెడితే నర్సంపేట, ములుగు, పరకాల పోయే బస్సులకు కట్టలు అందాలి. బస్సు దాటిపోతే ఆ కట్ట మర్నాడు పొద్దున చేరేది. నిన్నటి సాయంత్రం పత్రికను ఇవాళ పొద్దున ఎవరు కొంటారు?

మిషన్ పాతది. దాని పక్కన తిరిగే బరువైన చక్రం ఒకప్పుడు విరిగితే అతికించారు. అతుకు పడిన వైపు బరువు ఎక్కువ. తిరిగినప్పుడల్లా ఆ వైపు కిందికి రాగానే నేలను ఒక గుద్దు గుద్దేది. ఆ గుద్దు మాకు అలవాటైపోయింది. ఆగిపోతేనే, ఏమైందని తలెత్తి చూసేవాళ్లం.

ఇల్లు ఒక పెద్దావిడది. ఆమెను బజారంతా పెద్దమ్మ అనేది. కుటుంబానికి ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. ఇంట్లో సగం మాకు అద్దెకిచ్చి, సగంలో వాళ్లుండేవాళ్లు. మిషన్ గదికి, వాళ్ల పడకగదికి మధ్య గోడ ఒకటే. దుకాణంలో పట్టని బిందెలు, తాంబాళాలు ఆ గోడకున్న అరల మీదే పేర్చేవాళ్లు. పెద్దమ్మ మా పత్రికను ఏనాడూ తప్పనిచ్చేది కాదు. చదవడానికి కాదు, గిన్నెలు చుట్టడానికి.

ఆ సంవత్సరం ఆమె కోడలు కడుపుతో ఉంది. అంతకుముందు ఒక కాన్పు నిలవలేదు. ఈసారి దవాఖానలో డాక్టరమ్మ మంచం దిగొద్దని చెప్పింది. గాలి వచ్చే గది ఆ ఇంట్లో మిషన్ గోడ పక్క పడకగది ఒక్కటే. మిషన్ తిరిగినంతసేపూ ఆమె మంచం సన్నగా వణికేది. ఆ వణుకుడుకూ, పోయిన కాన్పుకూ సంబంధం ఉందని పెద్దమ్మ నమ్మకం. ఉందని చెప్పే చదువు మాకు లేదు, లేదని చెప్పే ధైర్యం అంతకన్నా లేదు.

"మెల్లగ తిప్పుండ్రి," అని ఆమె అడిగింది. మా మిషన్‌మన్ ఆత్మకూరు వైపు రైతుకూలీ కుటుంబం వాడు, మాటకు కట్టుబడే మనిషి. ఆ రోజు నుంచి మిషన్ సగం వేగంతో తిప్పాడు. వణుకు నిజంగానే తగ్గింది. కాని బస్సులు వెళ్లిపోతున్నాయి. కట్టలు తిరిగి వస్తున్నాయి. మా పెద్దసారు, అంటే పత్రిక యజమానీ సంపాదకుడూ ఒక్కడే, రోజూ బస్టాండు దాకా తనే సైకిలు తొక్కి, ఖాళీ ప్లాట్‌ఫారం చూసి వెనక్కి వచ్చేవాడు.

కోడలికి నెలలు పెరిగేకొద్దీ ఆ మెల్లగ కూడా పెద్దమ్మకు చాలలేదు. ఒక రోజు వచ్చి మా ముందు గదిలో బెంచీ మీద కూర్చుంది.

"సారూ, మీరు మంచోళ్లు. కిరాయి తప్పలే, మాట తప్పలే. గని దసరా దాకనే చూస్త. దసరా దాటినంక మిషన్ ఉంచద్దు. నాకు నా కోడలు ముఖ్యం."

పెద్దసారు తలూపాడు. ఇంకో ఇల్లు అద్దెకు తీసుకుని మిషన్ అక్కడికి తరలించే స్తోమత ఆయనకు లేదని మాకందరికీ తెలుసు. మిషన్ ఆ గది దాటితే పత్రిక ఆగిపోయినట్టే.

లెక్చరర్ మా ప్రెస్సుకు వచ్చింది ఆహ్వాన పత్రికలు అచ్చువేయించుకోవడానికి. ఇంజనీరింగు కాలేజీలో పాఠం చెప్పేవాడు, కోస్తా జిల్లాల మనిషి. ప్రూఫు కోసం ఎదురుచూస్తూ గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చెయ్యి తియ్యలేదు. నాడి చూస్తున్న వైద్యుడిలాగా కళ్లు మూసుకున్నాడు.

"ఏందయా, గోడకు జ్వరమొచ్చిందా?" అన్నాడు పెద్దసారు.

"వచ్చిందండీ," అన్నాడాయన నవ్వకుండా.

ఆయన డాక్టరేటు కోసం చదువుతున్నది సరిగ్గా ఆ జ్వరం గురించే. రెండు మూడు పదార్థాలు కలిపి ఒక పలక పోస్తాడు. పై ముఖాన గట్టిగా ఉంటుంది. కిందికి పోనుపోను ఆ గట్టిదనం తగ్గి మెత్తదనం పెరుగుతుంది. ఎక్కడా అతుకు ఉండదు. పొద్దు వాలి చీకటి పడినట్టు ఒకటి ఇంకొకటిగా మారిపోతుంది. అలాంటి పలకను నేల మీద పరిచి, దాని మీద యంత్రం నడిపితే అది ఎలా కంపిస్తుంది? నేల కూడా ఆయనకు నేల కాదు. "పక్కపక్కన పేర్చిన స్ప్రింగులనుకోండి" అనేవాడు. ఆ నేలకు ఇంగ్లీషులో ఉన్న పేరును నేను తెలుగు చేయబోయి 'సాగే పునాది' అన్నాను.

"ఆ ముక్క అచ్చెయ్యకు," అన్నాడు పెద్దసారు. "సాగే పునాది అంటె ఊళ్లె ఇండ్లు కట్టెటోళ్లంత మన మీదికొస్తరు."

లెక్చరర్ దగ్గర లెక్కలున్నాయి, ప్రయోగశాలలో చిన్న పలకలున్నాయి. నిజమైన నేల, నిజమైన యంత్రం లేవు. మా దగ్గర ఆ రెండే ఉన్నాయి. బేరం కుదరడానికి ఎంతోసేపు పట్టలేదు. దసరా నాటికి మిషన్ కింద పెట్టే పెద్ద పలక తను పోసి ఇస్తానన్నాడు. ఆ ప్రయోగం ఆయన సిద్ధాంత గ్రంథంలో చివరి అధ్యాయం అవుతుంది. గాజుపీచు, జిగురు, రబ్బరు పొడి కలిపి, వానాకాలమంతా కాలేజీ షెడ్డులో దానితోనే ఉన్నాడు.

పలక తయారయ్యాక చూడటానికి మిషన్‌మన్‌నూ నన్నూ పిలిచాడు. మంచం అంత ఉంది. మిషన్‌మన్ ఒక వైపు వేలి కణుపుతో కొట్టాడు, ఖంగుమంది. ఇద్దరు మనుషుల సాయంతో తిరగేయించి రెండోవైపు కొట్టాడు, దబ్బుమంది. ముఖం వెలిగిపోయింది.

"సారూ, ఇది సర్వపిండి గదా!"

"అదేంటి?"

"అయ్యో! ఇన్నేండ్లాయె వచ్చి, సర్వపిండి తినలేదా? బియ్యప్పిండిల పల్లీలు, నువ్వులు ఏసి గిన్నెకు ఒత్తి కాలుస్తరు. ఒక దిక్కు కరకర, ఒక దిక్కు మెత్తగ. నడుమ ఏది ఏడ మొదలైతదో దేవునికెరుక."

లెక్చరర్ సంతోషం చూడాల్సింది. "నేను ఎన్నో పేజీలు రాశాను. మీరు ఒక్క మాటలో చెప్పేశారు!" అని మిషన్‌మన్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ రోజు నుంచి ఆ పలకకు వేరే పేరు లేదు. కాలేజీ అటెండర్లు కూడా సర్వపిండి అనే అన్నారు. నీళ్లు దిగకుండా రెండు ముఖాలకూ ఒకే రకం గాజుగుడ్డ చుట్టి, జిగురు పూశాడు. ఇక కొట్టి చూసినా రెండూ ఒకేలా మోగేవి కాబట్టి, ఏ వైపు పైకి రావాలో సుద్దముక్కతో బాణం గీశాడు.

పలక దించే రోజు ఆయనకు పరీక్షల డ్యూటీ పడింది. ముందురోజే వచ్చి, మిషన్‌ను పక్కకు జరిపించి ఆ చోట ఇసుక పరుపు చదును చేయించి, పోతూ పోతూ మిషన్‌మన్‌తో అన్నాడు: "సర్వపిండిని సరిగ్గా వేయించండి. అంతా మీ చేతుల్లోనే ఉంది."

"మీకేం ఫికర్ వద్దు సారూ."

ధాన్యం మార్కెట్టు నుంచి హమాలీలు వచ్చారు. పలక బండి దిగింది. దారి దుమ్ము కొట్టుకుని ఉంది. దుమ్ముతో ఉన్నదాన్ని మిషన్ కింద, అదీ దసరా ముందర, ఎవరు పెడతారు? శుభ్రంగా కడిగారు. పసుపు రాశారు. దించారు, అంచులు సిమెంటు చేశారు, మిషన్ ఎక్కించి బిగించారు. సాయంత్రం లెక్చరర్ వచ్చేసరికి నున్నటి నేల, దాని మీద మిషన్ తప్ప ఇంకేమీ కనబడలేదు. చాలా బాగుందని అందరికీ చాయ్ తాగించాడు.

ఇక మొదట చెప్పిన దసరా రోజుకు మళ్లీ వస్తాను.

మిషన్ ఆగాక పెద్దమ్మ మా గదిలోకి వచ్చింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చేతిలో పళ్లెం ఉంది.

"కోడలు నోరు చేదుగ ఉన్నదంటె చేసిన. తినుండ్రి. పండుగ పూట నా ఇంట్ల ఎవ్వలు ఉత్తగ పోవద్దు. తిన్నంక మాట్లాడుకుందం."

ఆ 'తిన్నంక'లో ఏముందో పెద్దసారుకు తెలుసు. ఒక ముక్క తీసుకుని, నోట్లో పెట్టుకోకుండా పట్టుకుని కూర్చున్నాడు. లెక్చరర్ కూడా ఒక ముక్క విరిచాడు. కొరికాడు. నమలడం ఆపి, ముక్కను తిరగేసి చూశాడు. మళ్లీ తిరగేశాడు.

"ఇదేనా సర్వపిండి?"

"అదే నాయనా."

"కాలేటప్పుడు ఈ కరకరలాడే వైపు ఎటు ఉంటుందమ్మా?"

"ఎటుంటది? కిందికే. గిన్నెకు ఆనుకునే గదా కాలేది."

ఆయన మెల్లగా మిషన్‌మన్ వైపు తిరిగాడు. "పలక ఎలా వేశారు?"

మిషన్‌మన్ చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. "సర్వపిండి సరిగ్గ ఎయ్యుమన్నరు గదా సారూ. సరిగ్గనే ఏసినం."

"గట్టి వైపు పైకా, కిందికా?"

"బాణం చూసుకుంటనే..."

"బాణం యాడిది? కడిగితిమి గదా," అన్నాడు పూజకు వచ్చిన హమాలీ ఒకాయన.

"మరి పసుపు దిక్కు పైకి పెట్టినం," అన్నాడు మిషన్‌మన్.

"పసుపు రెండు దిక్కుల పూసినం కాకా. ఒక దిక్కే పూస్తె బాగుండదని నువ్వే అంటివి."

పెద్దసారు అప్పటిదాకా పట్టుకున్న సర్వపిండి ముక్కను కరకరా కొరికాడు. ఇక దాచుకోవడం ఎందుకనుకున్నట్టుంది.

లెక్చరర్ మిషన్ పక్కన గొంతుక్కూర్చుని నేల మీద అరచెయ్యి పెట్టాడు. పలక తిరగబడిందా, తన లెక్క తిరగబడిందా? మిషన్ దించకుండా, పలక అంచు కోసి చూడకుండా చెప్పే దారి లేదు. తలెత్తి అడిగాడు: "ఎంత వేగంతో తిప్పారు?"

"మెల్లగ. పెద్దమ్మ చెప్పింది గదా. సగానికి తక్వనే."

"ఎందుకు?"

"ఎందుకేంది సారూ, మెల్లగ అంటె మెల్లగనే తిప్పాలె గదా."

ఆయన లేచి నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి ఆ క్షణం చెప్పగలను. మనిషి కళ్లలోకి వెలుగు రావడం అంటే ఏమిటో అప్పుడు చూశాను.

"అమ్మా, మీరు మెల్లగా అన్నది దేనికి? చక్రం నెమ్మదిగా తిరగాలనా, ఇంట్లోకి అదురు రాకూడదనా?"

"రెండు ఒకటే గదా."

"పాత నేల మీద ఒకటేనమ్మా. ఈ పలక మీద కాదు. ఇప్పుడు ఇది ఊగే వస్తువు. ఊగే ప్రతిదానికీ తనదంటూ ఒక ఊపు ఉంటుంది. చక్రం నెమ్మదిగా తిరిగితే సరిగ్గా ఆ ఊపుతో కలిసింది. పూర్తి వేగంతో తిప్పితే కలవదు."

పెద్దమ్మ నడుము మీద చెయ్యి వేసుకుంది. "మెల్లగ తిప్పితెనే తాంబాళం కింద వడ్డది. జోర్గ తిప్పితె ఇల్లు కూల్తది గదా బిడ్డా!"

గోడ అవతల నుంచి సన్నని గొంతు వచ్చింది. కోడలు. లేవకూడదు కాబట్టి మంచం మీది నుంచే మాట్లాడింది.

"అత్తమ్మా, నీళ్ల బిందె ఎత్తుకొని నడుస్తె ఒక నడకకే నీళ్లు ఒలుకుతయి సూడు. జర నడక మారిస్తె ఒలుకయి. సారు అనేది గదే."

"అదేనండీ!" అని లెక్చరర్ గోడతో అన్నాడు.

"నువ్వు ఊకో. నువ్వు లేవద్దన్నరు," అని పెద్దమ్మ కసిరింది.

"నేను లేస్తలేను. వాళ్లను తిప్పనియ్యుండ్రి. ఒక్కసారి. పత్రిక పోతె, ఆళ్లు ఇరవై మంది యాడికి పోతరు?"

ఇరవై మంది లేము. ఆమెకు అంతమందిలా వినిపించేవాళ్లమేమో.

పెద్దమ్మ మా అందరి ముఖాలూ చూసింది. తర్వాత కొడుకును పిలిచి, కోడలిని మంచంతో సహా తమ ఇంటి ముందు గదిలోకి మోయించింది. కోడలు పడుకునే చోట, గోడ పక్క స్టూలు మీద చెంబు నిండా నీళ్లు పెట్టించింది. "ఎవరన్న ఒకరు ఇక్కడ నిలబడి సూడాలె. అబద్ధం ఆడనోళ్లు."

"మావాడు పత్రికల రాసేటోడు," అన్నాడు పెద్దసారు నన్ను చూపించి.

"అయితె ఇంకొకరిని కూడ పెట్టుండ్రి," అంది పెద్దమ్మ, తనే వచ్చి నా పక్కన నిలబడింది.

గోడ అవతల లెక్చరర్ గొంతు వినబడింది. "మధ్యలో ఆగొద్దు. భయపడి పిడి వెనక్కి తిప్పొద్దు. దాటించెయ్యండి."

చక్రం కదిలింది. చెంబులో నీళ్ల మీద ఒక వలయం పుట్టింది. బిందెలు మోగడం మొదలైంది. వలయాలు ఒకదాని మీద ఒకటి పడి నీళ్లు తుళ్లి స్టూలు మీద ఒలికాయి. పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. "ఆపుమను," అంది. నేను నోరు తెరిచాను. అంతలో బిందెల మోత సన్నబడింది. ఒకటొకటిగా ఆగాయి. మిషన్ హోరు పెరుగుతూనే ఉంది, కాని ఆ హోరు గోడ అవతలే ఉంది. చెంబులో నీళ్లు చూశాను. పైకప్పు వాసాలు అందులో కదలకుండా కనబడుతున్నాయి.

పెద్దమ్మ వంగి చెంబులోకి చూసింది. తర్వాత గోడకు చెవి ఆనించింది.

"తిరుగుతాందా, ఆగిందా?"

"తిరుగుతోంది పెద్దమ్మా. పూర్తి స్పీడు."

ఆమె కొంగుతో స్టూలు మీది నీళ్లు తుడిచింది. అంతే. ఇల్లు ఖాళీ చెయ్యమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ మర్నాటి నుంచి మా ప్రెస్సులో మెల్లగ అనే మాట నిషిద్ధం. మిషన్‌మన్ పిడిని ఒక్క ఊపున దాటించేవాడు. కట్టలు బస్సులకు అందాయి. పెద్దసారు సైకిలు మీద తిరిగి వచ్చేటప్పుడు ఈల వేయడం అప్పుడే విన్నాను. కోడలికి నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. మా పత్రిక పుట్టుకల వార్తలు వేసేది కాదు. ఆ ఒక్కటి వేసింది.

దెబ్బ తగిలింది లెక్చరర్ ఒక్కడికే. చివరి అధ్యాయం రాయలేదు.

"పనిచేసింది కదా సారూ, రాయొచ్చు కదా," అని అడిగాను.

"పనిచేసింది. కాని ఏది పనిచేసిందో నాకు తెలియదు. గట్టి వైపు పైకి ఉంటే నా లెక్క సరైనది. కిందికి ఉంటే, లెక్క తప్పయినా పలక పనిచేసిందన్నమాట. తెలియనిది తెలిసినట్టు ఎలా రాస్తాను? మీరు రాస్తారా?"

"మేము రోజూ రాస్తాం సారూ."

చాలాసేపు నవ్వాడు. మిషన్ దించి చూద్దామని మాత్రం అడగలేదు. దించితే పత్రిక కొన్నాళ్లు ఆగాలి, మళ్లీ బిగించేటప్పుడు గోడ అదరాలి. అప్పటికింకా కాన్పు కాలేదు. కాగితం మీది లెక్కలతోనే ఆయనకు డాక్టరేటు వచ్చింది. తర్వాత వేరే ఊరి కాలేజీకి వెళ్లిపోయాడు.

ఎనభయ్యవ దశకంలో అచ్చు పద్ధతులు మారాయి. మా మిషన్ పాత ఇనుము కింద పోయింది. కబురు విని లెక్చరర్ కాజీపేటలో రైలు దిగి, ఉలి, సుత్తి ఉన్న సంచితో నేరుగా వచ్చాడు. తల నెరిసింది. నేనూ వెళ్లాను. ఖాళీ గదిలో నేల మీద మిషన్ కాళ్ల గుర్తులున్నాయి. ఒక స్కూలు పిల్ల తలుపు దగ్గర నిలబడి మమ్మల్ని చూస్తోంది.

పెద్దమ్మ గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చింది. సంచి చూసింది.

"ఏం జేస్తవు కొడుకా?"

"పలక అంచు కొంచెం చెక్కి చూస్తానమ్మా. ఏ వైపు పైకి ఉందో."

"తవ్వకు," అంది. పిల్లను చూపించింది. "దాని మీదనే ఇది బతికింది. అదెట్లున్నదో అట్లనే ఉండనియ్యి."

అదురుకూ కాన్పుకూ సంబంధం ఉందని అప్పటిదాకా ఏ డాక్టరూ మాకు చెప్పలేదు. లేదని లెక్చరర్ చెప్పొచ్చు. చెప్పలేదు. ఉలి మళ్లీ సంచిలో పెట్టుకుని, చాప మీద కూర్చుని, ఆ ఇంట్లో సర్వపిండి రెండోసారి తిని వెళ్లాడు.

మిషన్ గది ఇప్పుడు ఇత్తడి సామాన్ల గోదాము. నేల మీద బండలు పరిచారు, బండల మీద బిందెలు పేర్చారు. పలక వాటి కిందే ఉంది. దాని గట్టి వైపు పైకి ఉందో, కిందికి ఉందో ఈనాటికీ ఎవరికీ తెలియదు.